వీణతీగ గేలం

సాలూరు,
నవంబరు 1968.

ఒరే చినబాబూ,

నువ్వూ మా మరదలు సీతమ్మా బాగున్నారనే అనుకుంటున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ లారీ రాయపూర్ నుంచి నిన్ననే తిరిగొచ్చింది. క్షేమసమాచారాలు అయిపోయాయి, ఇక నేను రాయాలనుకున్నది రాస్తాను.

మా లారీ డ్రైవరు నూకయ్య ఈ ఉత్తరంతోబాటు నీకొక పొట్లం ఇస్తాడు. అందులో కోతిటోపీ ఉంది, అది నీ చెవులకి. ఇత్తడి తీగచుట్ట ఉంది, అది వీణతీగ. వాలుగ చేప పళ్ళకి దారం ఆగదని నాన్న గేలానికీ దారానికీ మధ్య ఈ తీగే కట్టేవాడు. మన ఏట్లో ఇంకెవరూ అలా కట్టరు. బొబ్బిలిలో ఆయన కొనే దుకాణానికే వెళ్ళి కొన్నాను. మీ ఇంట్లో వీణ ఎవరు వాయిస్తారమ్మా అని దుకాణదారు అడిగాడు. మా తమ్ముడు వాయిస్తాడండి అన్నాను. ఎవర్ని వాయిస్తాడో చెప్పలేదు.

ధనుర్మాసం వస్తోంది. పొద్దున్నే వెళ్ళి నాన్న కూర్చునే రాయి మీద కూర్చో. ఆ మడుగులో ఉన్న పెద్ద వాలుగని నువ్వు పట్టాలి. ఎందుకో నీకు తెలుసు, అయినా మళ్ళీ చెబుతాను. కోపం కూడా నెగడులాంటిదే, ఎవరో ఒకరు ఎగదోస్తూ ఉండాలి.

పోయిన పుష్యమాసంలో నాన్నా, మిల్లు గణపతిరావూ పక్కపక్క రాళ్ళ మీద గేలాలు వేసి కూర్చున్నారు. చిన్నప్పట్నుంచీ జతగా వేటాడినవాళ్ళు. మనం ఆయన్ని మావా అనే పిలిచాం. ఆ పొద్దున నాన్న వట్టి చేతులతో ఇంటికొచ్చి, "పెద్దది పడ్డాది. పైకి తెస్తంటే గణపతి నా తీగ కోసీసినాడు" అన్నాడు. గణపతిరావు టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని నలుగురిలో నవ్వాడు. "సేపా లేదు, ఏటీ లేదు. నీటడుగున మొద్దుకి తగిలించుకుని నా మీద పడి ఏడుస్తన్నాడు" అన్నాడు. అంతే, ఊళ్ళో నాన్న పేరు మొద్దు దాలయ్య అయిపోయింది. తన మాట నిజమని చూపించాలని ఆ మనిషి రోజూ మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. దగ్గు పట్టింది. శివరాత్రి చూడకుండానే పోయాడు. నేను వచ్చేసరికి మాట పడిపోయింది. చేప ఎంతుందో మాత్రం రెండు చేతులూ చాపి చూపించాడురా.

ఆ చేప నోట్లో నాన్న గేలం ఉంటుంది. గేలానికి వీణతీగ ఉంటుంది. అది తెగిందో, ఎవరైనా కోశారో ఊరంతా చూస్తుంది. మన ఏటి ఆచారం నీకు తెలిసిందే. పట్టిన చేప నోట్లో ఎవరిదైనా పాత గేలం దొరికితే, ఆ గేలాన్ని చేప తలకాయతో సహా వాళ్ళ ఇంటికి అప్పగించాలి. అందుకునేవాడు రెండు చేతులూ చాపి, నాదే అని నలుగురూ వినేలా చెప్పాలి. తన గేలాన్ని తనది కాదన్నవాడు మళ్ళీ ఏటిగట్టున కూర్చోకూడదు. నాన్న లేడు కనుక ఆ తలకాయ పెద్దపిల్లనైన నా ఇంటికి రావాలి. వచ్చేదాకా నేను చేప ముట్టను.

మీ అక్క,
తాయారు.


ఏటివలస, పాలకొండ దగ్గర,
డిసెంబరు 1968.

అక్కకి చినబాబు నమస్కారాలు.

పొట్లం అందింది. టోపీ పెట్టుకుని గుమ్మంలోకి వస్తే సీతమ్మ దొంగనుకుని చీపురు తీసింది.

నువ్వు సాలూరులో కుంపటి దగ్గర కూర్చుని రాస్తావు గాని, ఇక్కడ సంగతి వేరు. తెల్లారేసరికి నాగావళి మీద మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, అవతలి ఒడ్డు మాట అటుంచు, నా గేలపు గెడ చివర నాకే కనబడదు. రాయి మీద కూర్చుంటే చలి కింద నుంచి ఎక్కుతుంది. గోనెసంచిలో వరిగడ్డి కుక్కి వేసుకున్నాను. అయినా ఎక్కుతుంది. కాళ్ళు నీళ్ళలో పెట్టకూడదనే అనుకుంటాను, కానీ ఎర మడుగులోకి విసరాలంటే దిగాలి. కాసేపటికి పాదాలు ఉన్నాయో లేవో తెలియదు. కప్పని ఎరగా గుచ్చడానికి వేళ్ళు వంగవు. ఈ చలికి వాలుగ అడుగున కదలకుండా పడుకుంటుంది, మూతి ముందు పెట్టినా నోరు తెరవదు. ఇంతవరకూ నాకు పడినవి చిన్న జెల్లచేపలూ, ఒక తాబేలూ.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కదు. మొన్న కరణంగారి చొక్కాకి ఎడమచెయ్యి తీసుకెళ్ళి కుడివైపు కుట్టాను. దర్జీవాడికి వేళ్ళే ఆస్తి, వాటిని రోజూ ఏట్లో ముంచి వస్తున్నావు అని సీతమ్మ గొణుగుతుంది. చోడి అంబలి వేడిగానే పోస్తుంది గాని, గొణుగుతూనే పోస్తుంది.

నిజం చెప్పనా అక్కా. కొన్ని పొద్దులు రగ్గు తియ్యడానికి మనసొప్పదు. చేప పట్టినంత మాత్రాన నాన్న తిరిగి వస్తాడా అనిపిస్తుంది. అప్పుడు చేప గురించి అనుకోవడం మానేస్తాను. లేచి కూర్చుంటే చాలు అనుకుంటాను. కూర్చున్నాక గుమ్మం దాకా వెళ్తే చాలు అనుకుంటాను. తర్వాత టీకొట్టు దాకా. అక్కడ ఆ బల్ల కనబడుతుంది, గణపతిరావు కూర్చుని నవ్విన బల్ల. ఇక అక్కణ్ణుంచి ఏటి దాకా కాళ్ళు వాటంతటవే పోతాయి.

గట్టు మీద నెగడు ఉంటోంది. అదొక్కటే సుఖం.

నీ తమ్ముడు,
చినబాబు.


సాలూరు,
డిసెంబరు 1968.

ఒరే చినబాబూ,

నీ ఉత్తరం చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. నాన్న తిరిగి రాడని నాకు తెలియదనుకున్నావా? నాన్న పోయాడు గాని, మొద్దు దాలయ్య అన్న పేరు పోలేదురా, అది ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న రామతీర్థం వెళ్ళాం. అక్కడ మనవైపు ఆవిడ ఒకరు కలిసి, నువ్వు మొద్దు దాలయ్యగారి అమ్మాయివి కదూ అంది. ఆవిడ ప్రేమగానే అంది. అది వెటకారమని కూడా పాపం ఆవిడకి తెలియదు. చచ్చిన మనిషికి అదే పేరైపోయింది. కొండెక్కి నాకోసం ఏమీ అడగలేదు. గణపతిరావుని నలుగురిలో నిలబెట్టు స్వామీ అని మాత్రం అడిగి దిగాను.

నా కోడిపుంజు సంగతి నీకు రాయలేదు కదూ. దానికి మొదట గణపతి అని పేరు పెడితే, దేవుడి పేరు కోడికి పెడతావా అని మా అత్తగారు కేకలేసింది. అందుకని మిల్లు అని పెట్టాను. రోజూ తిడుతూ గింజలు వేసేదాన్ని. తిట్లు తిని బాగా బలిసింది. నిన్న దాన్ని కోయించాను. మాంసం మీ బావ తిన్నాడు. పేగులూ కార్జమూ ఆకులో కట్టి నూకయ్య చేత పంపుతున్నాను. చేరేసరికి కంపు కొడుతుంది, కొట్టనీ. వాలుగకి అదే ఇష్టమని నాన్న చెప్పేవాడు. మిల్లుని ఎరవేసి మిల్లువాడి పరువు తియ్యి.

చలేసినప్పుడు వాడు నాన్నని అన్న మాటలు ఒక్కొక్కటీ పైకి అను. నేను ఇక్కడ వంటింట్లో అదే చేస్తాను. ఒళ్ళంతా కాలిపోతుంది, కుంపటి అక్కర్లేదు.

అన్నట్టు, గట్టు మీద నెగడు ఉంటోంది అన్నావు. ఎవరు వేస్తున్నారు?

మీ అక్క,
తాయారు.


ఏటివలస,
జనవరి 1969.

అక్కకి నమస్కారాలు.

పేగులు అందాయి. నూకయ్య ఆ కంపు భరించలేక పొట్లాన్ని లారీ వెనక వేలాడదీసి తెచ్చాడట. నేను ఇంట్లో లేకపోతే ఏటి దాకా వచ్చి ఇచ్చి వెళ్ళాడు.

నువ్వు చెప్పినట్టు ఆ మాటలు అనుకుంటున్నాను. పనిచేస్తోంది. మొన్న ఒక పొద్దున గెడ వంగింది. అది మొద్దు కాదక్కా. మొద్దు తల విదిలించదు. ఇది దారం అవతల తల విదిలించింది, నా మోచేతి దాకా తెలిసింది. ఎర ఊడబెరుక్కుని పోయింది. అంత చలిలోనూ నాకు చెమట పట్టింది. ఇంకా మడుగులోనే ఉంది.

నెగడు సంగతి అడిగావు. వచ్చేపోయేవాళ్ళు ఎవరో ఒకరు వేస్తుంటారు. కర్రకేం లోటు లేదు. బావకి నా నమస్కారాలు.

చినబాబు.


సాలూరు,
జనవరి 1969.

చినబాబుకి,

ఒరే అని పిలవడానికి కూడా మనసు రావడం లేదు.

నూకయ్య వచ్చాడు. వచ్చేపోయేవాళ్ళు వేస్తారని నువ్వు రాసిన నెగడు గణపతిరావు వేస్తున్నాడట. నువ్వూ వాడూ మోకాళ్ళు తగిలేలా ఒక్క మంట దగ్గరే కూర్చున్నారట. వాడు చెంబులోంచి టీ పోస్తే నువ్వు ఊదుకుంటూ తాగావట. నూకయ్యకి మన గొడవ తెలియదు. "మీ తమ్ముడికి మంచి తోడు దొరికినాడమ్మా, ఆ ముసిలాయన కన్నకొడుకులాగ సూసుకుంటన్నాడు" అని సంతోషంగా చెప్పాడు. అతనికి అన్నం వడ్డిస్తున్నదాన్ని, గిన్నె కింద పెట్టేసి లోపలికి పోయాను.

నాన్న నీళ్ళలో నిలబడి దగ్గుతుంటే ఇదే మనిషి ఇదే గట్టు మీద చలి కాచుకున్నాడు. కాసేపు ఇలా వచ్చి కూర్చో దాలయ్యా అని ఒక్కనాడు అనలేదు. ఆ మంట నీకు వెచ్చగా ఉందా? పైగా నాతో అబద్ధం రాస్తావా? నాన్నకి ఇద్దరం ఉన్నామనుకున్నాను, నేనొక్కదాన్నే అన్నమాట.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. రాస్తే చేప పట్టాక రాయి. పట్టలేనంటే ఆ వీణతీగ నాకు తిప్పి పంపించెయ్యి.

తాయారు.


ఏటివలస,
జనవరి 1969.

అక్కకి,

చేప పట్టాను. అందుకే రాస్తున్నాను.

ముందు నెగడు సంగతి చెబుతాను. ధనుర్మాసం మొదట్లోనే గణపతిరావు మావ గట్టుకి రావడం మొదలుపెట్టాడు. గెడ తెచ్చుకోడు. నెగడు వేసి ఊరికే కూర్చుంటాడు. మొదట్లో నేను ఆ వైపు చూడలేదు. తర్వాత ఒకటి గమనించాను. నాకు చిన్న జెల్ల పడినా సరే, నొప్పుల మోకాళ్ళతో లేచి వచ్చి దాని నోట్లోకి చూసేవాడు. జెల్ల నోట్లో ఏముంటుంది? నాన్న మాట నేను ఎప్పుడూ నమ్మాను. కానీ అది నిజమని ఆ రోజు తెలిసింది.

అప్పట్నుంచి ఆయన టీ పోస్తే తాగాను. మావా అని పిలిచాను. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాను. చేప పైకి వచ్చేనాడు ఆయన గట్టు మీదే ఉండాలి, నాన్న గేలం తన కళ్ళతో చూడాలి. దానికోసం ఎన్ని టీలైనా తాగుదామనుకున్నాను. నీకెందుకు రాయలేదంటే, నువ్వు కోపం దాచుకోలేవు. నూకయ్య దగ్గర నాలుగు మాటలు అనేదానివి, అవి ఇక్కడికి చేరేవి.

ఆదివారం మంచు విడవకముందే గెడ వంగింది. వంగి విరిగింది. దారం చేతికి చుట్టుకున్నాను, వేళ్ళు తెగి రక్తం కారింది. రాయి మీద పాచికి కాలు జారి నీళ్ళలో పడ్డాను. చేప నన్ను మడుగు లోతుకి లాగుతోంది. దారం వదలాలి, లేదంటే నేనే పోవాలి. నేను వదల్లేదు. అప్పుడు మావ దిగాడు. ఆ వయసులో, ఆ చలిలో, రొమ్ము లోతు దాకా వచ్చి చేప మొప్పలోకి చెయ్యి దూర్చి ఒడ్డుకి లాగాడు. ఆయన మొలలో కత్తి ఉందక్కా. నేను చూశాను. తియ్యలేదు.

చేప నాన్న చాపి చూపించినంత ఉంది. కొంచెం ఎక్కువే.

నోరు తెరిచాను. ఎడమ దవడలో నాన్న గేలం, దానికి జానెడు వీణతీగ. చివర నున్నటి కోత. తీగ లాగుడికి తెగితే మెలి తిరిగి సన్నబడుతుంది, ఇది అలా లేదు. దాని పక్కనే ఇంకో గేలం. పెద్ద కలకత్తా గేలం, ఊళ్ళో గణపతిరావు ఒక్కడి దగ్గరే ఉండే రకం. దానికున్న దారం మాత్రం పీచుపీచుగా తెగింది. ఆ రోజు ఇద్దరి ఎరా మింగింది ఒక్క చేపే. నాన్నకి దక్కకూడదని ఈయన తీగ కోశాడు. తర్వాత ఈయన దారాన్ని చేప తెంపుకుని పోయింది. ఆ సిగ్గు దాచుకోవడానికి చేపే లేదన్నాడు.

గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం. ఆయన నిలువునా వణుకుతున్నాడు.

"సినబాబూ, ఆ రెండూ ఏట్లో పారీరా. సేప నీదే. మీ నాన్నకి నానిక్కడే దండం ఎడతాను. ఊరికి మాత్రం సెప్పకు" అన్నాడు.

నా తువ్వాలు తీసి ఆయన భుజాల మీద కప్పాను. కప్పి, "ఆసారం కదా మావా. నీ గేలం నీ గుమ్మానికి తెచ్చి ఇయ్యాల" అన్నాను.

చేపని సైకిలు మీద వేసుకుని ఊళ్ళోకి తెచ్చాను. టీకొట్టు ముందు, ఆ బల్ల మీదే పడుకోబెట్టి నోరు తెరిచి చూపించాను. చూడనివాళ్ళు లేరు. తర్వాత అందరితో కలిసి ఆయన గుమ్మంలోకి వెళ్ళాను, ఆయన అప్పుడే నడుచుకుంటూ ఇల్లు చేరాడు. గేలం ఆయనదే అంటే చేప ఉందని ఒప్పుకున్నట్టు. కాదంటే ఇక ఏటికి రాకూడదు, ఏరు తప్ప ఆ మనిషికి ఇంకో లోకం లేదు. చాలాసేపు నా మొహం చూశాడు. చివరికి రెండు చేతులూ చాపి, నాదే అన్నాడు. వినబళ్ళేదు మావా అన్నాను. మళ్ళీ అన్నాడు. అప్పుడు నాన్న గేలం పైకెత్తి, మరి ఇదెవరిదని అడిగాను.

"దాలయ్యది. కోసింది నానే" అన్నాడు.

తలకాయలో సగం ఆయనకి చెందాలి. వద్దన్నాడు. అందుకని మొత్తం ఉప్పూ పసుపూ పట్టించి నూకయ్య చేత పంపుతున్నాను. నాన్న గేలం దాని దవడలోనే వదిలేశాను. నువ్వే తియ్యి.

చినబాబు.


సాలూరు,
ఫిబ్రవరి 1969.

ఒరే నా తండ్రీ,

తలకాయ అందింది. నూకయ్య చేతిలోంచి రెండు చేతులా అందుకుని, నాదే అని వీధి అంతా వినేలా అన్నాను. లారీ షెడ్డువాళ్ళు తొంగిచూశారు, చూడనీ. గేలం నా చేత్తోనే తీసి, చింతపండుతో తోమి, పూజగూట్లో పెట్టాను. పులుసు పెట్టుకుని తిన్నాను. ఏడాది తర్వాత కదా, మా అత్తగారు కూడా పక్కన కూర్చుని చూసింది. ముళ్ళు కూడా చప్పరించి గాని పారెయ్యలేదు.

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు నాకు వివరంగా రాయి. నాదే అన్నప్పుడు వాడి గొంతు వణికిందా? తల దించాడా? ఆడవాళ్ళు కూడా ఉన్నారా? వాడి పెళ్ళాం లక్ష్మణమ్మ గుమ్మంలో ఉందా? రెండోసారి అనిపించావు చూడు, అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నేనైతే మూడోసారి కూడా అనిపించేదాన్ని.

వాడికి దగ్గు పట్టుకుందని నూకయ్య చెప్పాడు. పట్టనీ. నాన్న దగ్గు ఎలా ఉండేదో వాడికీ తెలియాలి.

ఇక నువ్వు పొద్దెక్కేదాకా హాయిగా పడుకో. వేళ్ళు కాచుకో.

మీ అక్క,
తాయారు.


ఏటివలస,
ఫిబ్రవరి 1969.

అక్కకి చినబాబు నమస్కారాలు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. గొంతు వణికింది. సిగ్గుకో చలికో చెప్పలేను, ఒంటి మీద బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. తల దించలేదు, నన్నే చూశాడు. ఆడవాళ్ళు ఉన్నారు. లక్ష్మణమ్మత్త పొడి పంచె పట్టుకుని వెనకే నిలబడింది. జనం కదిలేదాకా ఆ పంచె ఆయనకి ఇవ్వడానికి ఆవిడకి వీలు కాలేదు.

ఊళ్ళో ఇప్పుడు మొద్దు దాలయ్య అని ఎవరూ అనడం లేదు. వాలుగ దాలయ్య అంటున్నారు. మావని కోత గణపతి అంటున్నారు. నువ్వు కోరుకున్నదంతా జరిగింది. నేను కోరుకున్నదీ అదే, కాదనను. మళ్ళీ అదే పొద్దు వస్తే మళ్ళీ ఆ గుమ్మంలోకే వెళ్తాను.

ఆయన దగ్గు నా మిషను దాకా వినిపిస్తుంది. గట్టుకి రావడం లేదు. నాదే అన్నాడు కనుక రావచ్చు, ఎవరూ వద్దనలేదు. అయినా రావడం లేదు.

నాకు మాత్రం అలవాటు పోలేదు. ఈ పొద్దున కూడా మెలకువ వచ్చేసి ఏటికి వెళ్ళాను. నెగడు లేదు. పాత బూడిద మీద కుక్క ముడుచుకుని పడుకుంది. నేనే వేద్దామని పుల్లలు ఏరాను, మంచుకి తడిసి అంటుకోలేదు. రాయి మీద కూర్చుని, నువ్వు చెప్పినట్టు ఆయన నాన్నని అన్న మాటలు ఒక్కొక్కటీ పైకి అన్నాను. అన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ మరిచిపోలేదు. ఒళ్ళు మాత్రం వెచ్చబడలేదు. ఎర గుచ్చకుండానే లేచి ఇంటికొచ్చేశాను.

శివరాత్రి వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరూ రగ్గులు ఎండబెట్టి దాచేశారు. సీతమ్మ నాది కూడా మడిచి పెట్టెలో పెట్టేసింది, ఎండలు ముదురుతుంటే ఇంకా రగ్గేమిటని నవ్వుతోంది. నూకయ్య ఈసారి ఇటు వచ్చేటప్పుడు మందపాటిది ఒకటి పంపు అక్కా. నాకు చలిగా ఉంది.

నీ తమ్ముడు,
చినబాబు.